యాభై రేగిపండు కజ్జికాయలు

జనవరి 6, మంగళవారం

సువార్తమ్మ. సువార్తమ్మ. సువార్తమ్మ.

జనవరి 7

కోడి గీకినట్టుంది. నా పేరు నేనే చదువుకోలేకపోయాను.

జనవరి 9, శుక్రవారం

రోజుకో వాక్యమైనా కుడి చేత్తో రాయమంది సిద్దికా. ఎడమ చేత్తో రాస్తే దొంగతనమట. "ఎవరు చూడొచ్చారమ్మా?" అన్నాను. "మీరు చూస్తారుగా ఆంటీ" అంది. ప్రత్తిపాడు క్లినిక్‌లో ఫిజియోథెరపీ చేసే పిల్ల. పాతికేళ్ళు కూడా ఉండవు. పెత్తనం మాత్రం హెడ్‌మాస్టరుది.

జనవరి 12

నొప్పి. రేపు.

జనవరి 17

ఇరవై ఆరేళ్ళు ఈ ఊరి అంగన్‌వాడీలో పిల్లల చేత అ ఆలు దిద్దించాను. బలపం సరిగ్గా పట్టుకోకపోతే వేళ్ళ మీద ఒకటి వేసేదాన్ని. ఆ ఉసురే తగిలిందంటాడు మా ఆయన జయరావు. నాకు నవ్వు రాలేదు. నవంబరులో పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది. కాలు మళ్ళీ దారిలోకి వచ్చింది. చెయ్యి కదులుతోంది గాని, ఏది ముట్టుకున్నా ముట్టుకున్నట్టు తెలియదు. ఈ నాలుగు ముక్కలకీ గంట పట్టింది.

జనవరి 21, బుధవారం

ఫెబా వచ్చింది. పాప వచ్చింది. జెమీమా. అమ్మో, ఆ బుగ్గలు!

జనవరి 22

నా కోడలు ఫెబా పురిటికని సత్తెనపల్లిలో పుట్టింటికి వెళ్ళింది. పాపకి అయిదో నెల రాగానే మా మార్క్ వెళ్ళి ఇద్దరినీ తీసుకొచ్చాడు. పాపని మార్క్ ఎత్తుకున్నాడు. వాళ్ళ తాత ఎత్తుకున్నాడు. పక్కింటి నాంచారమ్మ వదిన ఎత్తుకుంది. పాలు పోయడానికి వచ్చిన బాపయ్య కూడా చేతులు లుంగీకి తుడుచుకుని మరీ ఎత్తుకున్నాడు. నా దగ్గరికొచ్చేసరికి, "చూడండత్తయ్యా, ఎట్టా నవ్వుతుందో" అని ఫెబా చూపించింది. చూపించింది, ఇవ్వలేదు. నేనూ అడగలేదు. పొద్దున నా చేతిలోంచి స్టీలు గ్లాసు జారిపడ్డ చప్పుడు ఇంటిల్లిపాదీ విన్నారు.

ఈ ఊళ్ళో సగం మంది నా ఒళ్ళో పెరిగినవాళ్ళే. నా మనవరాలు మాత్రం బాపయ్య చంకెక్కాలా?

ఎత్తుకుంటాను. ఎందుకెత్తుకోను.

జనవరి 27, మంగళవారం

సిద్దికాని అడిగాను, నా మనవరాల్ని ఎప్పుడెత్తుకుంటానని. "బలం ముందొస్తుంది ఆంటీ. స్పర్శ ఆలస్యం. ఒక్కోసారి రాదు కూడా. చెయ్యి మీకేమీ చెప్పదు కాబట్టి మీరే కళ్ళతో చూసుకుని చెయ్యాలి" అంది. బలం ముందొస్తుందట. అదీ మాట. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి రాజ్మా గింజలు వేళ్ళతో ఏరి వెయ్యమంది. బొటనవేలు, చూపుడువేలు కలవాలట.

ఫిబ్రవరి 2

రాజ్మా గింజలు జయరావు కూర వండుకుని తినేశాడు. మంచిదే. కల్లంలో మా ఎకరంన్నర మిరపకాయలు ఎండి ఉన్నాయి. నాంచారమ్మ వదిన, ఇంకో ముగ్గురు కూర్చుని తొడిమలు తుంచుతుంటే నేనూ పీట వేసుకున్నాను. తొడిమ తుంచాలంటే ఆ రెండు వేళ్ళే కలవాలి. ఈ చదువు నాకు పుట్టినప్పటి నుంచీ వచ్చు. సిద్దికా చెప్పేదేముంది?

ఫిబ్రవరి 6

అందరూ సాయంత్రానికి చేతులు మంటలని మజ్జిగలో ముంచుకున్నారు. నాకు ఎడమ చెయ్యి మండింది గాని కుడి చెయ్యి చల్లగా ఉంది. "నీ పనే బాగుంది వదినా, దేవుడు నీకు గ్లౌజు తొడిగి పంపించాడు" అంది నాంచారమ్మ. అందరం నవ్వుకున్నాం. గంటకి కిలో తీస్తున్నాను. ఇంకో వారంలో పాపని అడుగుతాను. నోరు తెరిచి అడిగేస్తాను.

ఫిబ్రవరి 9, సోమవారం

పాపకి చీమ కుట్టింది. పెదవి దగ్గర. ఒకటే గుక్కపట్టి ఏడుపు. మూతి చుట్టూ ఎర్రగా కందిపోయింది. ఊళ్ళో డాక్టరు వచ్చి తడిగుడ్డతో తుడిపించి, రాయడానికి ఏదో మందు ఇచ్చాడు. రెండు గంటలకి నిద్రపోయింది. ఈ ఎండలకి చీమలు ఎక్కడెక్కడి నుంచో వచ్చేస్తున్నాయి. ఉయ్యాల గొలుసుకి కిరసనాయిలు గుడ్డ కట్టమని ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ పట్టదు.

నా కుడి కన్ను మండుతోంది. ఏడ్చినందుకేమో.

ఫిబ్రవరి 10

ఫెబా పాపని తీసుకుని సత్తెనపల్లి వెళ్ళింది. వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదట.

ఫిబ్రవరి 11

బాగాలేదట.

ఫిబ్రవరి 13

వియ్యపురాలికి ఫోన్ చేశాను. గొంతు ఖంగుమంటోంది. "నాకేమైంది వదినగారూ, బాగానే ఉన్నాగా?" అంది. తర్వాత ఇద్దరం ఎండల గురించి మాట్లాడుకున్నాం.

ఫిబ్రవరి 14, శనివారం

చీమ లేదు.

నాలుగు రోజులుగా ఈ పుస్తకం తెరవడం, మూయడం. ఎవరూ చదవని పుస్తకంలో కూడా చీమ అని రాశానంటే నన్నేమనాలి? సరే, రాస్తాను.

సోమవారం పొద్దున కల్లంలో తొడిమలు తీసి ఇంటికొచ్చాను. సబ్బుతో రెండు చేతులూ కడుక్కున్నాను. ఎడమ చెయ్యి ఇంకా మండుతుంటే దానికి కాస్త నూనె రాసి మళ్ళీ కడిగాను. కుడి చెయ్యి మండలేదు కాబట్టి దాన్ని మళ్ళీ కడగలేదు. మిరపకాయ ఘాటు ఒక్కసారి నీళ్ళు పోస్తే పోదని ఈ ఊళ్ళో పాకే పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. కాని పోయిందో లేదో చెప్పాల్సింది మంట. ఆ మంట నాకు లేదు. లేనిదాన్ని పట్టుకుని చెయ్యి శుభ్రంగా ఉందనుకున్నాను.

ఫెబా స్నానానికి వెళ్ళింది. ఉయ్యాలలో పాప మేలుకుని ఉంది. చొంగ కారుతోంది. చుట్టూ ఎవరూ లేరు. వంగి కుడి బొటనవేలితో పెదవి తుడిచాను. అంతే. ఒక్క క్షణం నవ్వింది కూడా. తర్వాత ఆ ఏడుపు. ఎత్తుకుని ఊరుకోబెట్టడానికి కూడా చేతకాక, "ఫెబా, ఫెబా" అని అరుస్తూ నిలబడ్డాను. తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చి, "ఏమైందత్తయ్యా?" అంది. చీమ కుట్టిందమ్మా అన్నాను. అప్పుడు నిజంగానే చీమ అనుకున్నాను.

సాయంత్రం కళ్ళు తుడుచుకుంటే కుడి కన్ను భగ్గుమంది. అప్పుడు తెలిసింది. తెలిశాక కూడా భోజనాల దగ్గర నా నోటితో నేనే మళ్ళీ చీమ అన్నాను. పొద్దున డాక్టరుతో, నాంచారమ్మతో అన్నట్టే. ఫెబా పాప మొహం వంకే చూస్తూ కూర్చుంది.

ఫెబాకి తెలియదు. తెలిస్తే అడిగేది కదా.

ఫిబ్రవరి 16, సోమవారం

మార్క్ గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. అక్కడ కోల్డ్ స్టోరేజీలో ఎలక్ట్రీషియన్. నిన్న సత్తెనపల్లి వెళ్ళి పెళ్ళాంపిల్లని చూసి వచ్చాడట. "అమ్మా, మార్చి ఎనిమిది ఆదివారం సత్తెనపల్లి చర్చిలో పాప ప్రతిష్ఠ పెట్టుకున్నాం. నువ్వూ నాన్నా పొద్దున్నే వచ్చెయ్యండి" అన్నాడు, చుట్టాలని పిలిచినట్టు.

మా ఇళ్ళల్లో ప్రతిష్ఠ రోజు బిడ్డని పాస్టరుగారి చేతికి అందించేది నాయనమ్మ. మార్క్‌ని మా అత్త అందించింది. ప్రార్థన అయ్యాక నాయనమ్మ చేసిన కజ్జికాయలే చర్చిలో అందరికీ పంచుతారు.

"పాపని ఎవరందిస్తార్రా?" అని అడిగాను.

"నీ చెయ్యి… ఎందుకులేమ్మా. ఫెబా వాళ్ళమ్మ ఉందిగా. స్వీట్లు కూడా షాపులో చెప్దామనుకుంటున్నాం."

"చర్చికి ఎంతమంది వస్తారు?"

"యాభై మంది లోపే."

"షాపుకి చెప్పొద్దు. యాభై కజ్జికాయలు నేను తెస్తాను. పాపని కూడా నేనే అందిస్తాను. మీ అత్తని కుర్చీలో కూర్చుని చూడమను."

"అమ్మా, అది కాదు…"

"ఇక పెట్టెయ్."

ఇదిగో, ఇక్కడ రాసి పెడుతున్నాను. యాభై కజ్జికాయలు. అంచు కుడి చేత్తో మడవాలి. నూనెలో ఒక్కటీ విచ్చుకోకూడదు. అంత పని చేసిన చేతికి బిడ్డని ఇవ్వనని ఎవరంటారో నేనూ చూస్తాను.

ఫిబ్రవరి 18

కజ్జికాయల్లో అందరూ కొబ్బరి పెడతారు, లేకపోతే పుట్నాల పొడి. మా అమ్మ రేగిపండు పెట్టేది. పత్తి చేల గట్ల మీద ముళ్ళలో చెయ్యి పెట్టి కోసిన ఎర్ర రేగిపళ్ళు. నాంచారమ్మ వదినని వెంటేసుకుని వెళ్ళి రెండు బుట్టలు కోసుకొచ్చాను. వదిన చేతులంతా గీరుకుపోయి, "షాపులో ఖర్జూరం దొరకదంటే చెప్పు, నేనే కొనిస్తా" అని దారంతా గొణిగింది.

కల్లం వైపు వెళ్ళనివ్వలేదు పళ్ళని. మేడ మీద, ఉతికిన నా వాయిల్ చీర పరిచి ఎండబెట్టాను. చీర రెండుసార్లు ఉతికించాను.

ఫిబ్రవరి 21

ఎండిన రేగిపళ్ళు రోట్లో మెల్లగా దంచి గింజలు ఏరాలి. గింజ ఒక్కటి మిగిలినా తిన్నవాడి పన్ను పోతుంది. ఏరడం ఎడమ చేత్తోనే. కుడి చేతికి గింజకీ గుజ్జుకీ తేడా తెలియదు. గుజ్జుని బెల్లం పాకంలో వేసి, గిన్నెకి అంటుకోకుండా ముద్దయ్యేదాకా తిప్పి, వేయించి దంచిన నువ్వులు, ఏలకుల పొడి కలిపాను. నోట్లో వేసుకుంటే ముందు పులుపు, వెనకాల తీపి. అమ్మ గుర్తొచ్చి కాసేపు పొయ్యి దగ్గరే కూర్చుండిపోయాను.

ఫిబ్రవరి 22, ఆదివారం

చర్చి నుంచి వచ్చి మొదటి వాయి. పన్నెండు. మైదాలో గుప్పెడు బొంబాయి రవ్వ, కాచిన నెయ్యి పోసి కలిపిన పిండి. కలిపింది జయరావు. పూరీలు వత్తింది జయరావు. పూర్ణం పెట్టింది నేను. అంచు నేను. ఈ చివర చిటికెడు పిండి లాగి లోపలికి మడిచి నొక్కాలి, దాని పక్కన మళ్ళీ చిటికెడు. అమ్మాయిలు మాట్లాడుకుంటూ చూడకుండా మడిచేస్తారు. నాకు ఒక్కోదానికి పావుగంట. ఎంత నొక్కానో వేళ్ళు చెప్పవు. ఒకచోట పిండి చిరిగిపోయేలా నొక్కుతాను, ఒకచోట అసలు నొక్కనే నొక్కను.

తొమ్మిది విచ్చుకున్నాయి. పూర్ణమంతా నూనెలోకి దిగి, బెల్లం మాడి, ఇల్లంతా పొగ. నూనె నల్లగా అయిపోయింది. మూకుడు ఎత్తి బయట పడేద్దామన్నంత కోపం వచ్చింది. జయరావు పీట మీద కూర్చుని పగిలినవి ఒక్కొక్కటే తింటున్నాడు.

"విచ్చుకున్నవే బాగున్నాయే సువార్తా, కరకరలాడుతున్నాయి."

"నోరు మూసుకుని తినండి."

మూసుకుని ఎట్టా తింటారే అన్నాడు. అప్పుడు నవ్వొచ్చింది.

ఫిబ్రవరి 23

నాంచారమ్మ వదిన కజ్జికాయల చెక్క తెచ్చింది. పూరీ అందులో వేసి మూసి నొక్కితే అంచు దానంతటదే పడుతుంది. "ఎందుకొదినా ఈ తిప్పలు? ఇందులో వెయ్యి, నొక్కు, అయిపోయె. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"నీకు తెలిస్తే ఏంది?"

చెప్పలేక చెక్క తీసుకెళ్ళి వాళ్ళ గోడ మీద పెట్టి వచ్చాను. మంచి మనిషి. కోప్పడలేదు. సాయంత్రం పెసరట్లు పంపించింది.

ఫిబ్రవరి 26

ఇరవై చేశాను. పదిహేడు నిలిచాయి! కుడి చేత్తోనే!

ఫిబ్రవరి 27, శుక్రవారం

నిన్న రాసింది అబద్ధం. కుడి చేత్తో చేసినవి ఆరు. వాటిలో మూడు పోయాయి. మిగిలిన పధ్నాలుగూ ఎడమ చేత్తో మడిచి, వేళ్ళు తడిగా ఉన్నాయని నాకు నేనే సాకు చెప్పుకున్నాను.

ఇది రెండోసారి. పుస్తకానికి కూడా అబద్ధం చెప్పేదానివి, ఏమే సువార్తమ్మా, పిల్లలకి ఏం నేర్పావే ఇరవై ఆరేళ్ళూ?

మార్చి 1

రెండు రోజులుగా పిండి ముట్టలేదు. జయరావు చేలో మిగిలిపోయిన పత్తికాయలు ఒక సంచెడు కోసుకొచ్చి ముందు పోశాడు. విచ్చిన కాయలోంచి పత్తిని చూపుడువేలూ బొటనవేలూ కలిపి లాగాలి. గట్టిగా లాగితే తెగి సగం లోపలే ఉంటుంది. మెల్లగా లాగితే రానే రాదు. మిరపకాయలాగా ఘాటు లేదు. తప్పు చేస్తే కళ్ళకి కనిపిస్తుంది. ఎంత నొక్కాలో వేళ్ళు చెప్పకపోతే కళ్ళే చెప్పాలి. చూస్తూ లాగాను. సంచి మొత్తం.

సిద్దికా ఇదే కదా అన్నది, జనవరిలో. నాకు నచ్చిన ముక్క ఒక్కటే విని వచ్చాను.

సాయంత్రం ఇరవై చేశాను. చూస్తూ. గొణుగుతూ కాదు, టీవీ పెట్టుకుని కాదు. పధ్నాలుగు నిలిచాయి. ఇది నిజం.

మార్చి 2

పద్దెనిమిది. నిజం.

మార్చి 3, మంగళవారం

జయరావు పొద్దున కాఫీ అందిస్తూ నా చెయ్యి పట్టుకుని, "ఇదేందే?" అన్నాడు. చూపుడువేలి మీద పెసరగింజంత బొబ్బ. నూనె చుక్క పడి ఉంటుంది. ఎప్పుడు పడిందో నాకు తెలియదు.

"ఏం కాలేదు. నొప్పి లేదు" అన్నాను.

"నొప్పి లేకపోవడమే గదే రోగం" అన్నాడు. పెళ్ళయిన ముప్పయ్యేళ్ళలో ఆయన నా మీద గొంతు పెంచింది మూడోసారి. "యాభై కాదు, అయిదొందలు చెయ్యి. నీకు తెలియకుండా కాలే చెయ్యి అది. ఆ చేత్తో పసిపిల్లని అడుగుతావా?"

నేను ఊళ్ళో అందరికీ వినపడేట్టు అరిచాను. నా మీద నమ్మకం లేదన్నాను, మీరూ మీ కొడుకూ ఒకటేనన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఆయన చొక్కా వేసుకుని చేలోకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం అన్నానికి రాలేదు.

మార్చి 4

మాటల్లేవు. ఇరవై చేశాను, పంతొమ్మిది.

మార్చి 6, శుక్రవారం

సిద్దికాకి అంతా చెప్పాను. మిరపకాయలు, చొంగ, చీమ, బొబ్బ. తిడుతుందనుకున్నాను. బొబ్బకి మందు రాసి, స్పాంజి బంతి ఇచ్చి నొక్కించింది. "మీ పట్టు బాగుంది ఆంటీ. నేననుకున్న దానికన్నా బాగుంది. స్పర్శ మాత్రం రాలేదు. కుర్చీలో కూర్చుని, ఎడమ చెయ్యి కిందుంచి, కుడి చెయ్యి పైన వేసి ఎత్తుకోండి. నిలబడొద్దు. చేతులు కడిగాక ఎవరికైనా చూపించండి."

"సరే" అన్నాను.

"ఇంట్లో చెప్పారా, చీమ కాదని?"

"మా ఆయనకి ఇవాళ పొద్దున చెప్పాను. ఊరికే తల మీద చెయ్యి వేశాడు."

"కోడలికి?"

కజ్జికాయలు తీసుకెళ్తున్నానుగా అన్నాను. ఆ పిల్ల నా వంక చూసి నా సంచి తెచ్చి ఇచ్చింది.

మార్చి 7, శనివారం

తెల్లవారుజామున లేచాం. జయరావు పిండి కలిపాడు. నాంచారమ్మ వదిన పూరీలు వత్తడానికి వచ్చింది. వత్తడం దాకే, అంచు ముట్టుకుంటే ఊరుకోనని ముందే చెప్పాను. "నీ అంచు నాకెందుకొదినా, తీసుకెళ్ళి బీరువాలో పెట్టుకో" అంది.

చూస్తూ మడిచాను. చిటికెడు లాగి, మడిచి, నొక్కి, చూసి, మళ్ళీ. పదికి ఒకసారి చెయ్యి ఆపి పిడికిలి బిగించి విప్పాను. పది గంటలకి ఇరవై రెండు. మధ్యాహ్నం ముప్పయ్యేడు. మెడ పట్టేసింది. వదిన రెండుసార్లు పడుకోమంది, జయరావు ఒకసారి. పడుకోలేదు. నూనె దగ్గరికి నేను వెళ్ళలేదు. జయరావు వేయించాడు, నేను దూరంగా పీట మీద కూర్చుని ఒక్కోటి మూకుట్లోకి దిగుతుంటే ఊపిరి బిగబట్టాను.

ఒక్కటీ విచ్చుకోలేదు.

యాభై. నిజం. నాంచారమ్మ వదిన సాక్షి. అంచులు వంకరగా ఉన్నాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మా అమ్మ చూస్తే తల బాదుకునేది. కానీ నిలిచాయి. పెద్ద స్టీలు డబ్బాలో కాగితాలు పరిచి సర్దాను. వదిన వెళ్తూ వెళ్తూ డబ్బా మూత మీద చెయ్యి పెట్టి, "పిల్లనెత్తుకుని ఫొటో తీయించుకుని రా" అంది.

రేపు పొద్దున ఆరింటి బస్సు.

మార్చి 8, ఆదివారం, సాయంత్రం

గుంటూరులో బస్సు మారి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, తొమ్మిదింటికల్లా సత్తెనపల్లిలో దిగాం. ఫెబా వాళ్ళిల్లు చర్చి వెనకే. వియ్యపురాలు ఎదురొచ్చి మంచినీళ్ళిచ్చింది. మార్క్ కొత్త చొక్కా వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఫెబా తెల్లచీరలో పాపని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. పాపకి తెల్ల గౌను. నన్ను చూసి కాళ్ళు తపతపా కొట్టింది. నన్ను చూసే. అందరూ చూశారు.

డబ్బా తెరిచి ఫెబా ముందు పెట్టాను. "యాభై. అన్నీ కుడి చేత్తో మడిచినవే. ఒక్కటీ విచ్చుకోలేదు. మీ మామయ్యని అడుగు."

ఒకటి తీసి, అంచు మీద వేలు పెట్టి చివరిదాకా చూసింది. "బాగున్నాయత్తయ్యా. చాలా కష్టపడ్డారు" అంది. మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. పాపని ఇంకో భుజానికి మార్చుకుంది.

"ఇంకెందుకు భయం? ఇటివ్వు మరి" అన్నాను. చేతులు చాపాను. రెండూ.

ఇవ్వలేదు.

"మీ చెయ్యి గురించి కాదత్తయ్యా" అంది. మెల్లగానే అంది, కానీ గదిలో అందరికీ వినపడింది. "ఆ రోజు చీమ అన్నారు. ఉయ్యాల గుడ్డలన్నీ నేను దులిపాను. మంచం కిందంతా వెతికాను. ఒక్క చీమ కనపడలా. ఏడుస్తుంటే పాప మూతి మీద ముద్దు పెట్టుకున్నాను. నా పెదాలు మండినాయి. మిరపకాయ మంట నాకు తెలియదా? నేనూ ఆ తొడిమలు తుంచి పెరిగినదాన్నే."

చాపిన చేతులు దించేశాను.

"చేతికి తెలియలేదు, సరే. అందులో మీ తప్పేముంది? నేనే అడ్డంబడి చెప్పేదాన్ని, ఎవర్నీ ఒక్క మాట అననిచ్చేదాన్ని కాదు. కానీ రాత్రి అన్నం తినేటప్పుడు మీ కన్ను ఎర్రగా ఉంది. అప్పుడు మీకు తెలిసే ఉంటుంది. అప్పుడు కూడా చీమ అన్నారు. రేపు పాప మీ చేతిలోంచి జారిందనుకోండి. వచ్చి నాకేం చెప్తారు? దేనికి మందు వెయ్యమని అడగాలి నేను డాక్టర్ని?"

"ఫెబా, ఇప్పుడెందుకే…" అంది వాళ్ళమ్మ. మార్క్ తల దించుకున్నాడు. జయరావు నా వెనక నిలబడి ఉన్నాడు. ఆయన అనాల్సిన మాట కాదది.

ఇరవై రోజులు పళ్ళు కోశాను, ఎండబెట్టాను, గింజలు ఏరాను, పత్తి లాగాను, వేలు కాల్చుకున్నాను. ఈ ఒక్క మాట చెప్పకుండా తప్పించుకోవడానికే ఇవన్నీ చేశానని అక్కడ నిలబడ్డాక అర్థమైంది. ఎంత సిగ్గేసిందో.

"చీమ కాదమ్మా. నేనే" అన్నాను. "మిరపకాయల చెయ్యి. కడిగాననుకున్నాను. పోయిందనుకున్నాను. పాప పెదవి తుడిచింది నేనే. సాయంత్రానికి నాకు తెలుసు. నన్ను ఇంక ఎప్పుడూ ముట్టుకోనివ్వరేమోనని భయమేసింది. అందుకని చీమ అన్నాను. వదినగారూ, మీక్కూడా చెప్తున్నాను. మార్క్, నీక్కూడా. మీ అమ్మ అబద్ధం చెప్పిందిరా."

ఏడ్చాను. పిల్లల ముందు ఏడవకూడదని ఇరవై ఆరేళ్ళు ఆయాలకి చెప్పినదాన్ని.

ఫెబా పాపని వాళ్ళమ్మకిచ్చింది. సరే, అయిపోయింది, ఆవిడే అందిస్తుంది అనుకున్నాను. అదీ న్యాయమే అనుకున్నాను. ఫెబా నా దగ్గరికొచ్చి నా కుడి చెయ్యి పట్టుకుంది. వేళ్ళు విప్పింది. బొటనవేలు తన పెదవులకి ఆనించుకుంది. కాసేపు ఆగింది. తర్వాత చూపుడువేలు. బొబ్బ ఉన్న వేలు. తర్వాత మిగతా మూడూ, ఒక్కొక్కటే. అందరూ చూస్తుండగా. నాకు వేళ్ళ మీద ఏమీ తెలియలేదు. ఆ పిల్ల మొహమే చూస్తూ నిలబడ్డాను.

"ఇవాళ ఏం లేదత్తయ్యా" అంది. "ఎప్పుడొచ్చినా ఇట్టాగే చూస్తాను. ఏమీ అనుకోవద్దు."

"చూడమ్మా. రోజూ చూడు" అన్నాను.

చర్చిలో ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. పాస్టరుగారు వేదిక మీద నుంచి రమ్మని చేత్తో పిలిచారు. "నేను నిలబడి ఎత్తుకోకూడదండీ, మీరే కిందకి రండి" అన్నాను. నా గొంతు సంగతి తెలిసిందే, చర్చి అంతా నవ్వింది. ఆయన నవ్వుతూ దిగి వచ్చారు. ఫెబా వంగి, నా ఎడమ చెయ్యి సర్ది, కుడి చెయ్యి పైన వేసి, పాపని పెట్టింది. బరువు. అమ్మో, ఎంత బరువో. పాలవాసన. నా మొహంలోకి చూసి ఏదో చెప్పబోయింది.

పాస్టరుగారు చేతులు చాపి నిలబడ్డారు. నేను ఇంకా ఇవ్వలేదు. ఆయన తొందరపెట్టలేదు.

"అత్తయ్యా, మీ వేలు పట్టుకుంది" అంది ఫెబా.

ఏదని తల దించి చూశాను. కుడి చెయ్యి, చూపుడువేలు. గట్టిగా పట్టుకుని ఉంది.